పెళ్లి ఫోటోగ్రాఫర్ వెబ్‌సైట్: టెంప్లేట్ కొనే ముందు తేల్చుకోవాల్సినవి

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న సారాంశం ముందు రాస్తాను. మీది హిందూపురం వైపు, ఇప్పుడు ఉంటున్నది మారతహళ్లిలో. ఇన్నాళ్లూ వేరే స్టూడియోలకు సెకండ్ షూటర్‌గా, అంటే వాళ్ల టీమ్‌లో రెండో ఫోటోగ్రాఫర్‌గా వెళ్లారు. ఈ మధ్య సొంతంగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, చిన్నపిల్లల షూట్లు ఒప్పుకుంటున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు బాగానే వస్తున్నా బుకింగులు రావట్లేదు. ఒక ఏజెన్సీ 12 పేజీల వెబ్‌సైట్‌కు 65 వేలు చెప్పింది. సైట్ కట్టుకోవడానికి ఏ ప్లాట్‌ఫామ్ మంచిది, ఏ పేజీలు ఉండాలి, రేట్లు పెట్టాలా వద్దా అన్నవి మీ ప్రశ్నలు.

నేను బెంగళూరులో పెళ్లిళ్లు తీస్తాను, తోటి ఫోటోగ్రాఫర్లకు సైట్లు ప్లాన్ చేసి పెడుతుంటాను. ప్లాట్‌ఫామ్ గురించి చివర్లో చెప్తాను, అది అన్నిటికంటే చిన్న నిర్ణయం. ముందు తేలాల్సింది ఆ సైట్ ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు అన్నది.

ఇక్కడ తెలుగు పెళ్లి ఎలా బుక్ అవుతుందో మీకూ తెలుసు. అమ్మాయో అబ్బాయో వైట్‌ఫీల్డ్‌లోనో బెళ్లందూరులోనో ఉద్యోగం చేస్తుంటారు. రాత్రి పడుకునే ముందు రీల్స్ చూస్తూ మీ పేజీకి వస్తారు, నచ్చితే బయోలో ఉన్న లింక్ నొక్కుతారు. ఇక్కడితో అయిపోదు. అదే లింక్‌ను వాట్సాప్‌లో ఇంటికి పంపిస్తారు. అనంతపురంలోనో మదనపల్లెలోనో నాన్నగారు తెరిచి చూస్తారు, పక్కన మేనమామ ఉంటాడు. చాలా ఇళ్లలో డబ్బు ఇచ్చేది ఆ నాన్నగారే.

అంటే మీ సైట్‌కు ఇద్దరు పాఠకులు. మొదటి మనిషి మీ ఫోటోలు ఇన్‌స్టాలో చూసే వచ్చారు కాబట్టి మళ్లీ అవే వంద ఫోటోలు చూపించి ఒప్పించాల్సిన పని లేదు. రెండో మనిషికి బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఎంత అందంగా ఉందో పట్టదు. ఆయన చూసేవి వేరు: వీళ్లకు మన పెళ్లి తంతు తెలుసా, ఎంతమంది వస్తారు, మొత్తం ఎంత అవుతుంది, మా ఊరికి వస్తారా, భోజనం, బస మేమే చూడాలా, ఆల్బమ్ ఎన్నాళ్లకు ఇస్తారు, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. నేను చూసిన ఫోటోగ్రఫీ సైట్లలో చాలావాటిలో వీటిలో ఒక్కదానికీ జవాబు ఉండదు. 'మీ మధుర క్షణాలను పదిలపరుస్తాం' అని ఒక వాక్యం, కింద స్లైడ్‌షో ఉంటాయి, అంతే. లైకులు ఉండి బుకింగ్ లేకపోవడానికి కారణం నాకు తెలిసి ఎక్కువగా ఇదే. ఫోటో నచ్చుతుంది, నిర్ణయానికి కావాల్సిన సమాచారం మాత్రం దొరకదు.

కాబట్టి డిజైన్ జోలికి వెళ్లకముందు ఒక పని చేయండి. మీ వాట్సాప్‌లో, ఇన్‌స్టా మెసేజుల్లో ఇప్పటివరకు వచ్చిన ఎంక్వైరీలన్నీ పైనుంచి కిందకు చదివి, వాళ్లు అడిగిన ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే కాగితం మీద రాసుకోండి. ఎక్కువసార్లు వచ్చినవి పైన పెట్టండి. ఆ కాగితమే మీ సైట్ ప్లాన్. దాన్నిబట్టి చూస్తే 12 పేజీలు అవసరం లేదని మీకే అర్థమవుతుంది. హోమ్, పెళ్లిళ్లు, చిన్న ఫంక్షన్లు, రేట్లు, మా గురించి, సంప్రదించడానికి. ఆరు చాలు.

ఆ వాట్సాప్ ఫార్వర్డ్ గురించి ఇంకొక్క మాట. లింక్ పంపినప్పుడు దానితోపాటు ఒక చిన్న బొమ్మ, పేరు, ఒక వాక్యం కనిపిస్తాయి కదా, వాటిని సైట్ సెట్టింగుల్లో మనమే ఇవ్వాలి. సోషల్ షేరింగ్ ఇమేజ్ అనో ఓపెన్ గ్రాఫ్ అనో ఉంటుంది. సాధారణంగా 1200×630 పిక్సెళ్ల అడ్డం ఫోటో పెడతారు. ఏమీ ఇవ్వకపోతే వాట్సాప్ మీ లోగోనో ఏదో సగం కోసిన ఫోటోనో చూపిస్తుంది, కొన్నిసార్లు ఉత్త లింకే వస్తుంది. తలంబ్రాల ఫోటో ఒకటి, 'బెంగళూరు, రాయలసీమలో తెలుగు పెళ్లి ఫోటోగ్రఫీ' అన్న వాక్యం ఒకటి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు లింక్ తెరవకముందే సగం సంగతి వాళ్లకు అర్థమైపోతుంది.

ఇక ఫోటోలు. 'బెస్ట్ ఆఫ్' గ్యాలరీ ఒక్కటే పెట్టకండి. వేర్వేరు పెళ్లిళ్ల నుంచి ఏరిన 30 మంచి ఫ్రేములు ఎవరైనా చూపించగలరు. ఒకే పెళ్లిని మొదటినుంచి చివరిదాకా చూపించగలిగితే అప్పుడు నమ్మకం కుదురుతుంది. పెళ్లికూతుర్ని చేయడం, స్నాతకం, కాశీయాత్ర, అడ్డుతెర, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అప్పగింతలు అన్నీ ఆ వరుసలోనే, 40 నుంచి 50 ఫోటోల్లో పెట్టండి. ఇలాంటి పూర్తి కథలు రెండు మూడు ఉంటే చాలు. వాటిలో ఒకటి ఊళ్లో చిన్న కళ్యాణ మండపంలో జరిగినదై ఉండాలి. రిసార్టు పెళ్లిళ్లే కనిపిస్తే మధ్యతరగతి తండ్రి 'ఇది మనకు అందేది కాదులే' అనుకుని మూసేస్తాడు.

తంతు తెలుసని చెప్పుకోవడానికి పెద్ద వ్యాసం రాయక్కర్లేదు. మన పెళ్లిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. తాళి కట్టేదే అసలు ఘట్టమనుకునే టీములు ఆ సమయానికి లెన్స్ మారుస్తూనో లైటు సర్దుతూనో ఉంటాయి. మీ గ్యాలరీలో ఆ క్షణం, తలల మీద ఇద్దరి చేతులు, తెర తీయగానే ఒకరినొకరు చూసుకున్న ముఖాలు స్పష్టంగా ఉంటే వీళ్లు తెలిసినవాళ్లే అని పెద్దవాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. అలాగే తెల్లవారుజాము ముహూర్తాలు, చీకటి మండపాలు, రంగురంగుల ఎల్‌ఈడీ లైట్లు మనకు మామూలే. అలాంటి లైటింగ్‌లో తీసిన పెళ్లి ఒకటి తప్పకుండా పెట్టండి. నంది హిల్స్‌లో పొద్దున పూట ఎండలో అందరి ఫోటోలూ బాగానే వస్తాయి.

కుటుంబం ఫోటోలు మర్చిపోకండి. కుర్ర ఫోటోగ్రాఫర్ల సైట్లలో జంట తప్ప ఇంకెవరూ కనిపించరు. అమ్మమ్మ కన్నీళ్లు తుడుచుకోవడం, బంతిలో వడ్డన, వేదిక మీద నలభై మంది నిలబడ్డ గ్రూప్ ఫోటో, ఇవీ ఉండాలి. గ్రూప్ ఫోటో కళాత్మకం కాదని మనవాళ్లు దాచేస్తారు, కానీ ఆల్బమ్ రాగానే ఇంట్లో ముందు వెతికేది అదే.

బెంగళూరు కాబట్టి ఇంకో సంగతి. తెలుగబ్బాయి, కన్నడమ్మాయి పెళ్లిళ్లు ఇక్కడ బాగా జరుగుతాయి. జీలకర్ర బెల్లంతో పాటు ధారె (కన్నడ పెళ్లిలో కన్యాదానం తంతు) కూడా ఉన్న పెళ్లి ఒకటి మీ దగ్గర ఉంటే దానికి విడిగా పేజీ పెట్టండి. రెండు వైపుల వాళ్లూ చూసే పేజీ అవుతుంది.

ఇప్పుడు కాస్త టెన్షన్ పెట్టే విషయం. మీ దగ్గరున్న మంచి ఫోటోల్లో ఎక్కువ భాగం సెకండ్ షూటర్‌గా తీసినవే అయ్యుంటాయి. వాటిని నేరుగా మీ సైట్‌లో పెట్టేయకండి. 'తీసినవాడిదే ఫోటో' అని మన రంగంలో చాలామంది నమ్ముతారు. చట్టం అలా లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్, బి క్లాజు ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్న వ్యక్తే. అంటే మీరు సొంతంగా తీసిన పెళ్లి విషయంలో కూడా రాతపూర్వకంగా ఏమీ లేకపోతే హక్కు వాళ్లది, మీది కాదు. ఇక వేరే స్టూడియో తరఫున తీసినవాటి మీద మీ స్థానం ఇంకా బలహీనం. ఆ స్టూడియోను అడిగి మెసేజ్ రూపంలోనైనా అనుమతి తీసుకోండి, ఫోటో కింద 'ఫలానా స్టూడియో టీమ్‌లో భాగంగా తీసినది' అని రాయండి. వాళ్లు కుదరదంటే వదిలేయండి. అనుమతి లేని యాభై ఫోటోల కంటే మీరే సొంతంగా తీసిన ఒక్క పెళ్లి సైట్‌కు ఎక్కువ బలం.

ఇకముందు తీసుకునే ప్రతి బుకింగ్‌లో దీన్ని సరిచేసుకోవచ్చు. అడ్వాన్స్ తీసుకునేటప్పుడు ఇచ్చే ఒప్పంద పత్రంలో కాపీరైట్ ఎవరిది, ఫోటోలు ఎక్కడెక్కడ వాడుకోవచ్చు అన్నది రాయండి. వెబ్‌సైట్, ఇన్‌స్టాగ్రామ్, ప్రకటనలు అని మూడు విడివిడి గళ్లు పెట్టి టిక్ చేయమనండి. అన్నిటికీ కలిపి ఒకే సంతకం అడిగితే కొందరు మొత్తానికే వద్దంటారు. విడిగా అడిగితే 'వెబ్‌సైట్‌కు సరే, ప్రకటనలకు వద్దు' అంటారు. మనకు కావాల్సింది అదే కదా. పెళ్లయ్యాక ఎవరైనా ఫోన్ చేసి ఆ ఫోటోలు తీసేయండి అంటే కారణం అడక్కుండా తీసేయండి. సంతకం ఉంది కదా అని వాదించి గెలిచినా ఆ కుటుంబం ద్వారా రావాల్సిన పది పెళ్లిళ్లు పోతాయి.

పిల్లల ఫోటోల విషయంలో నేను ఇంకా కఠినం. ఓణీల ఫంక్షన్ ఫోటోలు అందంగా ఉంటాయి, సైట్‌లో పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ అమ్మాయికి పన్నెండో పదమూడో ఏళ్లు, ఆ ఫోటో గూగుల్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలి, అమ్మాయిని కూడా అడగాలి. పేరు, స్కూలు, తేదీ, అపార్ట్‌మెంట్ పేరు రాయకూడదు. నేనైతే డెకరేషన్, చేతుల గోరింటాకు, పక్కకు తిరిగిన ఫ్రేములు, పెద్దవాళ్లు అక్షింతలు వేస్తున్న దృశ్యాలు వాడమంటాను. మీ పనితనం వాటిలోనూ తెలుస్తుంది. పసిపిల్లల స్నానం ఫోటోల లాంటివి తల్లిదండ్రులు ఒప్పుకున్నా పెట్టకండి.

ఫోటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ సమాచారం తీసేసే ఆప్షన్ ఉంటుంది, టిక్ చేయండి. ఇంట్లో తీసిన బారసాల ఫోటోతోపాటు వాళ్లింటి జీపీఎస్ వివరం వెళ్లకూడదు. మీ పేరు, కాపీరైట్ వివరం మాత్రం ఉంచండి. వాటర్‌మార్క్ చిన్నగా మూలన ఉంటే చాలు. ముఖం మీదుగా అడ్డంగా పెద్దది వేస్తే దొంగలు ఆగరు, చూసేవాళ్లకే చిరాకు.

సైట్‌లో పెట్టే వీడియోలకు సినిమా పాటలు వాడకండి. పెళ్లి వేడుకలో పాటలు వేసుకోవడానికి కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది, కానీ అది ఆ వేడుకకే, మీ ప్రచార వీడియోకు కాదు. లైసెన్స్ ఉన్న సంగీతం కొనుక్కోండి, లేదా మండపంలో రికార్డు చేసిన నాదస్వరం, మంత్రాలు, నవ్వులు వాడండి. నాకు రెండోదే ఇష్టం. ఇంకోటి, సైట్ తెరవగానే మోత మొదలయ్యే ఆటోప్లే అస్సలు వద్దు. ఆఫీసులో దొంగచాటుగా చూస్తున్న పెళ్లికూతురు అదిరిపడి మూసేస్తుంది.

రేట్లు పెట్టాలా? పెట్టాలి. 'రేటు పెడితే పోటీవాళ్లు చూస్తారు' అంటారు. వాళ్లకు ఎలాగూ తెలుసు, ఎవరితోనో ఫోన్ చేయించి కనుక్కుంటారు. 'పెట్టకపోతే ఫోన్ చేస్తారు, మాట్లాడి ఒప్పించవచ్చు' అని ఇంకో వాదన. ఫోన్ చేసేవాళ్లు చేస్తారు, నిజమే. కానీ మన నాన్నగారు రేటు కనపడని చోట 'చాలా ఎక్కువ ఉంటుందేమో' అనుకుంటారు, లేదంటే 'మనల్ని చూసి రేటు చెప్తారేమో' అనుకుంటారు. రెండూ మీకు నష్టమే.

అలాగని ఏడు ప్యాకేజీలకు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని పేర్లు పెట్టి పట్టిక వేయకండి. 'ఒక రోజు పెళ్లి ఇంత నుంచి మొదలు' అని ఒక్క అంకె వేసి, దాని కింద ఆ డబ్బుకు ఏమేమి వస్తాయో మామూలు భాషలో రాయండి. ఎంతమంది వస్తారు, వాళ్లలో ట్రెడిషనల్ ఫోటో ఎవరు, క్యాండిడ్ ఎవరు, వీడియో ఎవరు. ఎన్ని గంటలు. ఎడిట్ చేసిన ఫోటోలు సుమారు ఎన్ని. ఆల్బమ్ 12×36 సైజా, ఎన్ని షీట్లు, అదనపు షీటుకు ఎంత. రా ఫోటోలు (ఎడిట్ చేయనివి) ఇస్తారా లేదా, హార్డ్ డిస్క్ ఎవరు తేవాలి. ఎల్‌ఈడీ వాల్, లైవ్ ప్రసారం కలిసే ఉన్నాయా లేక విడిగా లెక్కా. ఊరికి రావాలంటే ప్రయాణం, బస ఎవరివి. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా. మామూలుగా సర్వీసులకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీకు ఇప్పుడే అవసరం రాకపోవచ్చు, కానీ రిజిస్టర్ అయిన రోజు 18 శాతం అదనంగా అడిగితే ఇంట్లో గొడవే.

అడ్వాన్స్ ఎంత, మిగతాది ఎప్పుడు, ముహూర్తం మారితే ఏం చేస్తారు, పెళ్లి ఆగిపోతే అడ్వాన్స్ సంగతేమిటి, ఇవి కూడా అక్కడే రాయండి. మరీ ముఖ్యంగా ఆ రోజు మీకు జ్వరం వస్తే ఎవరు వస్తారో రాయండి. సొంతంగా పని చేసేవాళ్ల విషయంలో అందరి మనసులో ఉండే ప్రశ్న ఇది, ఎవరూ పైకి అడగరు.

రేట్ల పేజీలో డ్రోన్ అని రాసే ముందు ఒకసారి ఆగండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పని చేయాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పైగా మీరుండే మారతహళ్లి హెచ్‌ఏఎల్ విమానాశ్రయం పక్కనే. యెలహంకలో వైమానిక స్థావరం ఉంది. మండపం ఏ జోన్‌లో పడుతుందో డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూడకుండా డ్రోన్ ఉచితం అని రాస్తే చిక్కుల్లో పడేది మీరే. 'అనుమతి ఉన్న చోట మాత్రమే' అని రాయండి.

ఎంక్వైరీ ఫారం చిన్నగా ఉండాలి, కానీ మరీ పేరు, ఫోన్ రెండే అయితే మీకు పనికిరాదు. ఏ ఫంక్షన్లు, ఏ తేదీ, ముహూర్తం ఎన్ని గంటలకు, ఏ ఊరు, ఏ మండపం అని అడగండి. రాత్రి 2 గంటల ముహూర్తమా, పొద్దున 10 గంటలదా అన్నదాన్నిబట్టి మీ టీమ్ లెక్కే మారిపోతుంది కదా. తేదీ ఇంకా ఖరారు కాలేదు అన్న ఆప్షన్ కూడా ఉండాలి. ముహూర్తం పెట్టించకముందే ఫోటోగ్రాఫర్‌ను చూసుకునేవాళ్లు ఉంటారు. దాని పక్కనే వాట్సాప్ బటన్ పెట్టి, నొక్కగానే 'నమస్తే, మా పెళ్లి తేదీ..., ఊరు...' అని సగం మెసేజ్ ముందే టైప్ అయి వచ్చేలా సెట్ చేయండి. అది ఉచితమే, సులభం కూడా. ఫోన్ నంబర్ మాత్రం ప్రతి పేజీలో నొక్కితే కాల్ వెళ్లేలా కనపడాలి. పెద్దవాళ్లు ఫారం నింపరు. వారానికి ఒకసారి మీ ఫారం మీరే నింపి చూడండి. మెయిల్ స్పామ్‌లోకి వెళ్తున్న సంగతి తెలియక సీజనంతా పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

సైట్ ఏ భాషలో ఉండాలన్నది మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. ఇంగ్లీషులో ఉండనివ్వండి, కానీ రేట్లు, ప్రశ్నలు-జవాబులు ఉన్న పేజీ తెలుగులోనూ ఉండాలి. ఆ రెండో పాఠకుడి కోసం. ఇక్కడొక చిక్కుంది. మీ ఆల్బమ్ డిజైనర్ దగ్గర తెలుగు అక్షరాలన్నీ అను ఫాంట్లలో ఉంటాయి. అక్కడినుంచి కాపీ చేసి సైట్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఫోన్లు, బ్రౌజర్లు అన్నీ చదివే అక్షరాల పద్ధతి) కాదు. చాలామంది దానికి విరుగుడుగా తెలుగు వాక్యాలను బొమ్మలుగా చేసి పెడతారు. ఆ బొమ్మల్లోని అక్షరాలు ఫోన్‌లో చదవలేనంత చిన్నవైపోతాయి, పేజీలోని మామూలు అక్షరాలు దొరికినంత సులువుగా వెతుకులాటలోనూ దొరకవు. ఫోన్ కీబోర్డుతోనే నేరుగా టైప్ చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర బాగుంటుంది, చదివే భాగానికి మాత్రం నోటో లాంటి సాదాది వాడండి.

వేగం గురించి. కెమెరా నుంచి వచ్చిన జేపీఈజీ ఒక్కోటి 15 ఎంబీ ఉండొచ్చు. దాన్ని అలాగే ఎక్కించేవాళ్లున్నారు, నవ్వకండి. పొడవు వైపు 2048 పిక్సెళ్లు, నాణ్యత 75 దగ్గర, కలర్ స్పేస్ (రంగుల పరిధి) ఎస్‌ఆర్‌జీబీ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలా ఫోటోలు కొన్ని వందల కేబీల్లో సర్దుకుంటాయి. అడోబీ ఆర్‌జీబీలో వదిలేస్తే కొన్ని ఫోన్లలో పట్టుచీర ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. వెబ్‌పీ ఫార్మాట్ వాడితే సైజు ఇంకా తగ్గుతుంది, చాలా ప్లాట్‌ఫామ్‌లు దాన్ని వాటంతట అవే చేస్తాయి. పేజీలో పెద్ద ఫోటో 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలమానం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఉచితంగా పరీక్షించుకోవచ్చు. అంతకంటే మంచి పరీక్ష, ఇంట్లో వైఫై ఆపేసి అమ్మ ఫోన్‌లో తెరిచి చూడటం. హోమ్ పేజీలో ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి మారే స్లైడర్ వద్దు, ఒక్క ఫోటో చాలు. రెండో స్లైడ్ వచ్చేదాకా ఎవరూ ఆగరు, బరువు మాత్రం అయిదింటిదీ మోయాలి.

గూగుల్‌లో కనిపించడానికి సైట్ కంటే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మీ వ్యాపారం వివరాలు చూపేది) తెరవండి. అది ఉచితం. స్టూడియో లేకుండా ఇంటినుంచే పని చేస్తున్నా ఫర్వాలేదు, చిరునామా దాచి సేవలందించే ప్రాంతాలు మాత్రమే చూపించే వీలుంది. ఆ ప్రొఫైల్‌తోపాటు ఉచిత సైట్ వస్తుందని పాత వీడియోల్లో చెప్తుంటారు. ఆ సదుపాయాన్ని గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది, వెతుక్కోకండి. ఆల్బమ్ చేతికిచ్చిన రోజే రివ్యూ అడగండి, సంతోషం వేడిగా ఉన్నప్పుడు రాస్తారు. డబ్బో డిస్కౌంటో ఇచ్చి రాయించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

ఏజెన్సీవాళ్లు 'ప్రతి ఏరియాకు ఒక పేజీ' అంటారు. కేఆర్ పురం, మహదేవపుర, సర్జాపుర అని పేరు మార్చి అదే రాత నలభై పేజీలు. ఇలాంటివాటిని గూగుల్ స్పామ్ కింద లెక్కిస్తుంది. దాని బదులు నిజంగా పనికొచ్చే రెండు పేజీలు రాయండి. ఉదాహరణకు బెంగళూరు చుట్టుపక్కల ప్రీ-వెడ్డింగ్ ఎక్కడ తీయవచ్చు, ఎక్కడ అనుమతి కావాలి. లేపాక్షి మీ ఊరి పక్కనే, ఇక్కడినుంచి 120 కిలోమీటర్ల దరిదాపు. అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం కాబట్టి ట్రైపాడ్ పెట్టి షూట్ చేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఏ వేళకు ఎండ ఎటునుంచి పడుతుంది, బట్టలు మార్చుకోవడానికి చోటెక్కడ, ఇవి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? హిందూపురంలో, అనంతపురంలో పెళ్లి పెట్టుకున్న బెంగళూరు ఉద్యోగులకు 'రెండు చోట్లా వాళ్లే వస్తారు' అన్న మాట పెద్ద ఊరట. మీ అసలు బలం అదే, హోమ్ పేజీలో మొదటి వాక్యంగా అదే పెట్టండి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, ముహూర్తాలు లేని రోజుల్లో. ఆషాఢంలో తెలుగువాళ్లకూ కన్నడిగులకూ ఇద్దరికీ పెళ్లిళ్లు ఉండవు, పంచాంగం ఒకటే కాబట్టి. ధనుర్మాసం కూడా అంతే. గూగుల్ కొత్త సైట్‌ను గుర్తించి పైకి తేవడానికి నెలలు పట్టవచ్చు. ధనుర్మాసంలో కట్టుకుంటే వైశాఖం సీజన్‌కు అక్కరకొస్తుంది. శ్రావణం ముందురోజు తెరిచి ఫోన్లు రావట్లేదని బాధపడితే లాభం లేదు.

కస్టమర్లకు ఫోటోలు అందించే గ్యాలరీని ఈ సైట్‌తో కలపకండి. దానికి పాస్‌వర్డ్ ఉండాలి, గూగుల్‌లో కనపడకూడదు, ఎన్నాళ్లు ఉంచుతారో ముందే చెప్పాలి. పిక్సీసెట్ లాంటి గ్యాలరీ సర్వీసులు అందుకే ఉన్నాయి.

చివరికి ప్లాట్‌ఫామ్. మీరు లైట్‌రూమ్ కోసం అడోబీ ఫోటోగ్రఫీ ప్లాన్‌కు డబ్బు కడుతూ ఉంటే అందులో అడోబీ పోర్ట్‌ఫోలియో అనే సైట్ తయారుచేసే సదుపాయం కలిసే వస్తుంది, సొంత డొమైన్ (సైట్ చిరునామా పేరు) కూడా తగిలించుకోవచ్చు. మొదటి ఏడాదికి అది సరిపోతుంది. వ్యాసాలు రాయాలనుకుంటే మాత్రం చాలదు, అప్పుడు వర్డ్‌ప్రెస్. వర్డ్‌ప్రెస్ మీ చేతిలో ఉంటుంది, ఎక్కడికైనా మార్చుకోవచ్చు, కానీ దానికి తగిలించే ప్లగిన్లు (అదనపు సదుపాయాల ప్రోగ్రాములు) అప్‌డేట్ చేస్తూ ఉండాలి. సీజన్‌లో ఆ తీరిక ఉండదనుకుంటే విక్స్, స్క్వేర్‌స్పేస్ లాంటివి తేలిక. నెలనెలా అద్దె కట్టాలి, రేపు బయటికి రావాలంటే మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. మూడింటిలో ఏదైనా పెళ్లి బుక్ చేయిస్తుంది, పైన చెప్పిన ప్రశ్నల కాగితం సిద్ధంగా ఉంటే.

ఏజెన్సీకి ఇవ్వడం తప్పేమీ కాదు, 65 వేలు ఎక్కువా తక్కువా అన్నది వాళ్లు ఏం చేస్తారన్నదాన్నిబట్టి ఉంటుంది. ఆరు పేజీలకు మళ్లీ కొటేషన్ అడగండి. డొమైన్ మాత్రం మీరే, మీ పేరుతో, మీ మెయిల్‌తో కొనండి. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల పని. నాకు తెలిసిన ఒక ఫోటోగ్రాఫర్ డొమైన్ ఏజెన్సీ పేరున ఉండిపోయింది. వాళ్లతో మాటపట్టింపు వచ్చాక, కార్డుల మీద, ఆల్బమ్‌ల వెనక అచ్చువేయించిన చిరునామానే వదులుకోవాల్సి వచ్చింది. హోస్టింగ్ లాగిన్, అడ్మిన్ పాస్‌వర్డ్, గూగుల్ సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో సైట్ ఎలా కనిపిస్తోందో చూపేది) యాక్సెస్ మీ చేతికి ఇస్తామని, మీరే ఫోటోలు, రేట్లు మార్చుకోగలిగేలా నేర్పిస్తామని రాసివ్వమనండి. రాయం, నోటిమాట చాలు అంటే అడ్వాన్స్ ఇవ్వకండి.